గళ్ళలో అర్థశాస్త్రం

ఒక రైతుకు అప్పు కావలసి వచ్చింది. ఊళ్ళో షావుకారు "నూటికి రెండు" అన్నాడు. బ్యాంకు గుమాస్తా "నూటికి పది" అన్నాడు. ఎవరి దగ్గర తీసుకొంటే మేలు?

ఈ ప్రశ్న తొమ్మిదో తరగతిలో వేసి చూడండి. చాలామంది తడుముకోకుండా షావుకారు పేరే చెబుతారు. రెండు పదికన్నా చిన్న సంఖ్యే కదా! కాని మన పల్లెల్లో "నూటికి రెండు" అంటే నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలు. బ్యాంకులో "నూటికి పది" అంటే సంవత్సరానికి పది. రెండును పన్నెండుతో హెచ్చిస్తే ఇరవై నాలుగు. చౌక అనుకొన్నది రెండింతలకు పైగా ఖరీదైనది.

షావుకారు దగ్గర 10,000 రూపాయలు తీసుకొని మూడేళ్ళు తీర్చలేదనుకోండి. బారువడ్డీ అయితే వడ్డీ 7,200 రూపాయలు. ఏడాదికొకసారి వడ్డీని అసలులో కలిపే చక్రవడ్డీ అయితే 9,066 రూపాయలు. ఈ రెండు లెక్కలూ మీరు గణితంలో చేసినవే. లెక్క రాక కాదు మనిషి నష్టపోయేది. "నూటికి" అన్న మాట వెనుక నెల ఉందో, సంవత్సరం ఉందో అడగకపోవడం వల్ల, "బారు" అన్నదానికీ "చక్ర" అన్నదానికీ తేడా తెలియకపోవడం వల్ల నష్టపోతాడు. నోటు మీద సంతకం పెట్టే ముందు దాన్ని చదివి పెట్టమని ఇంట్లో పెద్దవాళ్ళు మిమ్మల్నే పిలుస్తారు. అప్పుడు ఆ నాలుగు మాటలు తెలిసి ఉండాలి.

సైన్సు మాస్టారుకు అర్థశాస్త్రంతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ "పని" అన్న మాటనే తీసుకొందాం. భౌతిక శాస్త్రంలో బలం ప్రయోగించినప్పుడు వస్తువు కదిలితేనే పని జరిగినట్లు. వడ్ల బస్తా నెత్తిన పెట్టుకొని గంటసేపు కదలకుండా నిలబడ్డ హమాలీ ఆ బస్తా మీద చేసిన పని సున్న అని మేము చెబుతాం. పిల్లలు నవ్వుతారు. అర్థశాస్త్రంలో అలా కాదు. రాత్రంతా కుర్చీలో కూర్చున్న కాపలాదారు ఏమీ కదిలించడు, అయినా అతనిది సేవ, దానికి వేతనం ఉంది.

"ద్రవ్యం" ఇంకా చిత్రమైనది. మా పాఠంలో ద్రవ్యరాశి అంటే వస్తువులో ఉన్న పదార్థం. సాంఘిక శాస్త్రం పాఠంలో ద్రవ్యం అంటే డబ్బు. "ద్రవ్యోల్బణం అంటే ద్రవాలకు వచ్చే జబ్బా సార్?" అని ఒక కుర్రవాడు అడిగాడు. తప్పు అతనిది కాదు. మాటను విడదీసి ఎవరూ చూపలేదు. ద్రవ్యం, ఉల్బణం - ఉల్బణం అంటే మితిమీరడం. సరుకులకన్నా డబ్బు మితిమీరి చెలామణీ అయినప్పుడు ధరలు మొత్తం మీద పెరుగుతూ పోతాయి. డబ్బు విలువ తగ్గుతుంది. ఇతర కారణాల వల్ల కూడా ధరలన్నీ కలిసి పెరగవచ్చు, వాటికీ ఇదే పేరు. కాని ఒక్క టమాటా ధర పెరిగితే అది ద్రవ్యోల్బణం కాదు. "మొత్తం మీద" అన్న రెండు మాటలూ విడిచిపెట్టకూడదు.

భౌతిక శాస్త్రంలో స్థితిస్థాపకత అనేదాన్నే పోలిన భావాన్ని అర్థశాస్త్రం పుస్తకాలు "వ్యాకోచత్వం" అంటాయి. మాకు వ్యాకోచం అంటే వేడికి ఇనుప కమ్మీ సాగడం. ఇంగ్లీషులో ఒకే మాట, తెలుగులో రెండు పుస్తకాల్లో రెండు మాటలు! కళాశాల చదువులు తెలుగులో సాగడానికి 1968లో తెలుగు అకాడమీని స్థాపించారు. ఒక్కో శాస్త్రానికి పదాలు ఏర్పరిచినవాళ్ళు వేరువేరు పండితులు కావడం వల్ల ఇలాంటివి అక్కడక్కడా మిగిలాయి. ఇవి తెలిస్తే కంగారు ఉండదు.

మరి ఇన్ని మాటలు గుర్తుండేదెలా? పట్టీ వ్రాసి బట్టీ పట్టమంటే పరీక్ష దాకా ఉంటాయి, ఆ మర్నాడు పోతాయి. దీనికి ఒక ఆట ఉంది. మీ ఇళ్ళలో తాతగారో, పెద్దమ్మగారో ఆదివారం పత్రిక రాగానే పెన్సిలు పుచ్చుకొని కూర్చునే ఆట - గళ్ళ నుడికట్టు. పదబంధ ప్రహేళిక అని కూడా అంటారు. ఆరుద్ర, శ్రీశ్రీ వంటి కవులు కూడా తెలుగులో ఇవి కూర్చారు.

ఈ ఆట పుట్టింది అమెరికాలో. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టి న్యూయార్క్ చేరిన ఆర్థర్ విన్ అనే పత్రికా రచయిత 1913 డిసెంబరు 21న "న్యూయార్క్ వరల్డ్" ఆదివారం సంచికలో మొదటిదాన్ని అచ్చు వేశాడు. అది చదరంగా లేదు, పేకముక్క మీది డైమను గుర్తులా ఉంది. నల్ల గళ్ళు లేవు, మధ్యలో మాత్రం ఖాళీ. అక్కడి నుంచి అది దేశాలన్నీ తిరిగింది.

తెలుగులోకి వచ్చేసరికి ఆట కొంచెం మారింది. ఇంగ్లీషులో గడికొక అక్షరం, ఆ భాషకు ఉన్నవి 26. మనకు గడిలో ఉండేది గుణింతంతో, ఒత్తుతో, సున్నతో కలిసిన నిండు అక్షరం. "వడ్డీ" రెండే గళ్ళు - వ, డ్డీ. "ర" ఉన్న గడిలో "రా" కుదరదు, "రు" కుదరదు. మన అక్షరాలు లెక్కకు వేలల్లో తేలుతాయి కనుక రెండు మాటలు ఒకచోట కలుసుకోవడం కష్టం. కూర్చేవాడికి కష్టం, పూరించేవాడికి లాభం: ఒక్క అక్షరం తెలిసిందంటే మాట దాదాపు దొరికినట్లే. ఇంకొక్క సంగతి. "ధనము" అని వ్రాస్తే మూడు గళ్ళు, "ధనం" అని వ్రాస్తే రెండు. గళ్ళు లెక్కపెట్టుకొని ఏ రూపం వాడారో చూసుకోవాలి. ఇక్కడ మనం అన్నీ సున్నతోనే వ్రాద్దాం.

గళ్ళు పూరించడం వల్ల మాటలు నిజంగా గుర్తుంటాయా? దీనికి దగ్గరగా ఉన్న ప్రయోగం ఒకటి ఉంది. 2006లో రోడిగర్, కార్పిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరిని దాన్నే మళ్ళీ చదవమన్నారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది వ్రాయమన్నారు. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే గెలిచారు. రెండు రోజుల తరువాతా, వారం తరువాతా పెడితే పుస్తకం మూసి వ్రాసినవాళ్ళు గెలిచారు. మనసు లోపలి నుంచి మాటను వెదికి బయటికి లాగే శ్రమే దాన్ని గట్టిపరుస్తుంది. గళ్ళు పూరించేటప్పుడు మనం చేసేది అదే.

ఇదిగో ఒకటి. ఆరు వరుసలు, వరుసకు ఆరు గళ్ళు. మీ నోటుపుస్తకంలో గీసుకోండి. ■ అన్నచోట నలుపు వేయండి.

■ 1 ■ 2 □ 3
4 □ □ □ ■ □
□ ■ ■ □ ■ □
5 6 □ ■ 7 □
■ □ ■ ■ □ ■
8 □ ■ ■ ■ ■

అడ్డం ఆధారాలు

2. పండిన ధాన్యాన్ని చెడకుండా, మంచి రోజు వచ్చేదాకా దాచే చోటు (3)
4. ఇంత రేటుకు ఇంత అమ్ముతామని అమ్మకందార్లు అంగట్లోకి తెచ్చేది (4)
5. అప్పు కోసం మెళ్ళో గొలుసును ఇలా పెడతారు. తాకట్టుకు మరో పేరు (3)
7. ఇంట్లోకి వచ్చేది 100, పోయేది 110. ఆ 10 పేరేమిటి? (2)
8. వడ్డీకి తల్లి (2)

నిలువు ఆధారాలు

1. ఒక వస్తువుకు బదులు ఎంత డబ్బు ఇవ్వాలో చెప్పేది (2)
2. పెళ్ళిళ్ళ నెలలో మల్లెపూలకు పెరిగేది (3)
3. ఖర్చులు పోను రైతుకు నాలుగు డబ్బులు మిగిలితే ఆ అమ్మకం ఇలాంటిది (4)
4. కొట్లో అమ్మకానికి ఉంచినది. పచారీ ------ (3)
6. కొట్టు, ఈ మాట పారశీకుల ద్వారా మన దేశానికి వచ్చింది (3)
7. ఇనుమో, రాగో, నికెలో - నాణెం పోయాలంటే ఇది కావాలి (2)

పూరించాకే ముందుకు చదవండి. పదినిమిషాలు చాలు.

పూరించారా? సరిచూసుకోండి. అడ్డం: 2. గిడ్డంగి, 4. సరఫరా, 5. కుదువ, 7. లోటు, 8. రుణం. నిలువు: 1. ధర, 2. గిరాకీ, 3. గిట్టుబాటు, 4. సరకు, 6. దుకాణం, 7. లోహం.

కుడివైపు అడుగు మూల నల్లగా మిగిలిపోయింది, నిజమే. అక్కడ పట్టే మాట మీలో ఎవరికైనా తోస్తే గళ్ళు పెంచుకోండి.

ముందు రెండో అడ్డం చూడండి. గిడ్డంగి చాలా దూరం ప్రయాణం చేసిన మాట. ఇంగ్లీషువాళ్ళు మన రేవుల్లో "గోడౌన్" అనడం నేర్చుకొన్నారు. అది మలయా భాషలోని "గుదాంగ్" నుంచి వచ్చిందనీ, దానికి మూలం తెలుగు గిడ్డంగి గాని తమిళ కిడంగు గాని అయి ఉండాలనీ నిఘంటుకారులు కొందరు అంటారు. ఆ లెక్కన మన సరుకులతోబాటు మన మాట కూడా ఓడ ఎక్కి, తిరిగి మన దగ్గరికే ఇంగ్లీషు వేషంలో వచ్చిందన్నమాట. దుకాణం, బజారు, జమా, ఖర్చు, వసూలు, వాయిదా - ఇవన్నీ అరబ్బీ, పారశీక భాషల నుంచి మన అంగళ్ళలోకి వచ్చి స్థిరపడ్డవే. డబ్బు మాటలకు ఎల్లలు తక్కువ.

ఇక అసలు విషయం. రెండో వరుసలో సరఫరా అడ్డంగా పోతోంది. దాన్ని "ర" దగ్గర ధర నిలువుగా తాకింది. "రా" దగ్గర గిరాకీ నిలువుగా దాటింది. గళ్ళలో ఇది అక్షరాల కలయిక. సంతలో కూడా ఈ మూడూ ఇలాగే ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి.

గిరాకీని పుస్తకాల్లో "డిమాండు" అంటారు. డిమాండు అంటే కోరిక అని చాలామంది అనుకొంటారు. కోరిక చాలదు. నాకు విమానం కొనాలని ఉందనుకోండి, అందువల్ల విమానాలకు గిరాకీ పెరగదు. కోరిక, కొనే శక్తి, కొనడానికి ఇష్టం - మూడూ ఉండాలి. పైగా "ఇంత ధరకు" అని చేర్చాలి. కిలో 10 రూపాయలైతే మూడు కిలోలు కొనే ఇల్లాలు, 50 అయితే పావుకిలోతో సరిపెట్టుకొంటుంది. సరఫరా కూడా అంతే. గిడ్డంగిలో మూలుగుతున్న నిల్వ సరఫరా కాదు. ఈ ధరకు అమ్ముతాను అని సంతకు తెచ్చినదే సరఫరా.

ఊహించిన లెక్క ఒకటి చూద్దాం. ఒక సంతలో టమాటా బుట్ట 100 రూపాయలైతే కొనేవాళ్ళు 60 బుట్టలు అడుగుతారు, అమ్మేవాళ్ళు 20 మాత్రమే తెస్తారు. బుట్ట 300 అయితే అడిగేవి 20, తెచ్చేవి 60. మధ్యలో 200 దగ్గర అడిగేవీ 40, తెచ్చేవీ 40. ఆ 200నే సమతౌల్య ధర అంటారు. 100 దగ్గర 40 బుట్టల కొరత ఉంది, అందువల్ల కొనేవాళ్ళు పోటీ పడి ధరను పైకి తోస్తారు. 300 దగ్గర 40 బుట్టలు మిగులు, అందువల్ల అమ్మేవాళ్ళు దించుకొంటారు. గిన్నెలో గోలీని అంచు మీద వదిలితే అడుక్కు చేరి నిలుస్తుందే, ఆ స్థిర సమతాస్థితి లాంటిదే ఇది. ధరను నిర్ణయించేది గిరాకీయా, సరఫరాయా అని వాదించుకోవడం కత్తెరలో కాగితాన్ని కోసింది పై అంచా, క్రింది అంచా అని వాదించుకోవడం వంటిదని 1890లో వచ్చిన తన గ్రంథంలో ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఆర్థికవేత్త చూపించాడు.

అయితే గోలీ తిన్నగా వెళ్ళి అడుగున ఆగదు కదా, కాసేపు అటూ ఇటూ ఊగుతుంది. ధరలూ ఊగుతాయి. మన మదనపల్లె టమాటా అంగడినే తీసుకోండి. 2023 జూలైలో టమాటా కిలో నూరు రూపాయలు దాటింది. మరికొన్ని వారాలకు పడిపోయింది. ధర మరీ పడిపోయిన రోజుల్లో కోత కూలీ, లారీ బాడుగ కూడా రావని రైతులు పంటను రోడ్డు ప్రక్కన పారబోయడం మీరు పత్రికల్లో చూసే ఉంటారు. ఇదెందుకు?

ఈ రోజు ధర బాగుంది గదా అని రైతు ఈ రోజే టమాటా తేలేడు. నారు పోసి, నాటి, కాపు కోతకు రావడానికి నెలలు పడుతుంది. ఇవాళ్టి మంచి ధర చూసి అందరూ నాటుతారు. ఆ పంట అంతా ఒకేసారి అంగడికి వస్తుంది. సరఫరా పొంగుతుంది, ధర కూలుతుంది. దెబ్బతిన్నవాళ్ళు మరుసటిసారి నాటరు. సరఫరా ఎండుతుంది, ధర ఎగురుతుంది. వడ్లలాగా టమాటాను గిడ్డంగిలో పెట్టి ఆగుదామంటే కుళ్ళిపోతుంది. ఈ ఊగులాటను కాగితం మీద గీస్తే గీతలు సాలెగూడులా అల్లుకొంటాయి. అందుకే 1934లో నికొలస్ కాల్డర్ అనే ఆర్థికవేత్త దీనికి సాలెగూడు సిద్ధాంతం అని పేరు పెట్టాడు. లోలకం ఊగడానికి జడత్వం కారణమైతే, టమాటా ధర ఊగడానికి విత్తుకూ కోతకూ మధ్య కాలం కారణం. వర్షాలు, తెగుళ్ళు వచ్చి ఈ ఊపును ఇంకా పెంచుతాయి.

ఇప్పుడు మూడో నిలువు - గిట్టుబాటు. పల్లెటూరి పిల్లలకు ఈ మాట పుస్తకంలోకన్నా ఇంట్లో ఎక్కువ వినబడుతుంది. దీన్ని "మద్దతు ధర"తో కలిపేయకండి. మద్దతు ధర అంటే ఇంతకన్నా తక్కువకు పోనీయము అని ప్రభుత్వం ముందుగా ప్రకటించేది. దాన్ని సిఫారసు చేయడానికి 1965లో వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడింది. 1985లో పేరులో "ఖర్చులు" అన్న మాట కూడా చేరింది. గిట్టుబాటు ప్రకటించేది కాదు, లెక్క కడితే తేలేది. ఆ లెక్కలో "ఖర్చు" అంటే ఏమిటో ముందు తేలాలి.

మళ్ళీ ఊహించిన అంకెలే: ఒక ఎకరా వరి. విత్తనం, ఎరువు, దుక్కి, కూలీలకు చేతినుంచి పెట్టింది 30,000 రూపాయలు. అమ్మా నాన్నా స్వయంగా చేసిన పనికి కూలి కడితే 8,000. సొంత పొలమే, కాని ఇతరులకు కౌలుకు ఇచ్చి ఉంటే వచ్చేది, పెట్టుబడి మీద వడ్డీ కలిసి 16,000. పండింది 25 క్వింటాళ్ళు. చేతినుంచి పెట్టిందే ఖర్చు అంటే క్వింటాలుకు 1,200. ఇంటివాళ్ళ కూలీ కలిపితే 1,520. పొలం కౌలూ వడ్డీ కూడా కలిపితే 2,160. క్వింటాలు 2,000కు అమ్మారు. లాభమా, నష్టమా? మొదటి రెండు లెక్కల్లో లాభం, మూడో లెక్కలో నష్టం!

ఖర్చుకు సగం అదనంగా కలిపి రైతుకు ఇవ్వాలని స్వామినాథన్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన జాతీయ రైతు కమిషన్ సిఫారసు చేసింది. ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించినప్పుడు లెక్కలోకి తీసుకొన్నది పై రెండో రకం ఖర్చును. రైతు సంఘాలు అడిగింది మూడో రకాన్ని. కోట్లమంది బతుకులకు సంబంధించిన తగాదా "ఖర్చు" అన్న రెండక్షరాల మాట మీద నడిచింది. మన లెక్క ప్రకారం 1,520కి ఒకటిన్నర రెట్లు ఎంతో, 2,160కి ఎంతో మీరే చేసుకోండి.

లోహం గురించి ఒక్క మాట. నాణెం మీద వ్రాసిన విలువకన్నా అందులోని లోహం విలువ పెరిగితే జనం దాన్ని కరిగించి అమ్ముకొంటారు. లోహాల ధరలు పెరిగాక 1960ల్లో మన చిన్న పైసలను తేలికైన అల్యూమినియంతో పోయడం మొదలుపెట్టారు. 25 పైసలూ, అంతకు తక్కువ నాణేలూ 2011 జూన్ 30తో చెలామణీలోంచి పోయాయి. మీ ఇంట్లో పాత డబ్బీలో ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి, ఏది అంటుకొంటుందో.

గళ్ళు పూరించడంకన్నా గళ్ళు కూర్చడంలో నేర్చుకొనేది ఎక్కువ అని నా అభిప్రాయం. పూరించేవాడికి మాట తెలిస్తే చాలు. "ధర" అని వ్రాసేసి, ధర అంటే ఏమిటో చెప్పలేనివాళ్ళు ఉంటారు. కూర్చేవాడు ఆధారం వ్రాయాలి, ఆధారం వ్రాయాలంటే అర్థం తెలియాలి. తరగతిలో నలుగురేసి జట్లుగా కూర్చోండి. ప్రతి జట్టుకూ పది మాటలు. ఒక జట్టు కూర్చింది ఇంకో జట్టు పూరించాలి.

ఆధారాలు వ్రాసేటప్పుడు పుస్తకంలోని నిర్వచనాన్ని దించేయకండి. "వస్తువు లేక సేవ యొక్క వినిమయ విలువను ద్రవ్యరూపంలో తెలుపునది" అని వ్రాస్తే అది ఆధారమే, కాని చప్పగా ఉంటుంది. పైన "పెళ్ళిళ్ళ నెలలో మల్లెపూలకు పెరిగేది" అన్న ఆధారం నాది కాదు, పూలు కట్టి అమ్మే ఇంటి నుంచి వచ్చిన ఒక అమ్మాయిది. ఆ ఒక్క వాక్యంలో గిరాకీ ఉంది, అది కాలాన్ని బట్టి మారుతుందన్న విషయమూ ఉంది. అయితే చమత్కారం కోసం తప్పు వ్రాయకూడదు. "వడ్డీకి తల్లి" అంటే రుణమే, సరే. "డబ్బుకు అద్దె" అంటే వడ్డీ, అదీ బాగుంది. "డబ్బుకు పుట్టిన డబ్బు" అన్నారనుకోండి - అది వడ్డీ కావచ్చు, లాభం కావచ్చు, వాటా మీద వచ్చే ఆదాయం కావచ్చు. ఒక ఆధారానికి రెండు జవాబులు కుదిరితే ఆధారాన్ని చించి మళ్ళీ వ్రాయాలి.

మొదలుపెట్టడానికి ఒక దారి చెబుతాను. పొడుగు మాటను ముందు వేయండి. "మూలధనం" అడ్డంగా వేశారనుకోండి. "ధ" నుంచి "ధర" క్రిందికి దిగుతుంది. "నం" మీదికి పైనుంచి "వేతనం" వచ్చి వాలుతుంది. "త" నుంచి "తరుగు" కుడివైపుకు పోతుంది. నాలుగు మాటలు అప్పుడే కుదిరాయి. పొదుపు, మదుపు - ఈ రెండూ "దు" దగ్గర ఒకదాన్నొకటి దాటుతాయి. వీటికి మాత్రం ఆధారాలు జాగ్రత్తగా వ్రాయండి. ఖర్చు పెట్టకుండా డబ్బాలో వేసింది పొదుపు. ఆ డబ్బాలో సొమ్ము తీసి పాడిగేదె కొంటే మదుపు. డబ్బాలోనే ఉంచితే ఏటేటా ధరలు పెరిగేకొద్దీ దానితో కొనగలిగేది తగ్గుతూ ఉంటుంది.

కొరత, కరవు, సంత, సుంకం, మారకం, రాబడి, దిగుబడి, పెట్టుబడి, రాయితీ, వినిమయం - ఇవి మీకు వదిలేస్తున్నాను. దిగుబడికీ రాబడికీ తేడా తెలియకుండా ఆధారం వ్రాయడం సాధ్యం కాదని మీకే తెలుస్తుంది: ఒకటి బస్తాల్లో, ఒకటి రూపాయల్లో. "ఎగుమతి" అడ్డంగా, "దిగుమతి" నిలువుగా వేయాలనుకొంటే అవి కలుసుకోవడానికి మూడు చోట్లున్నాయి - "గు" దగ్గర, "మ" దగ్గర, "తి" దగ్గర. మూడింటిలో ఎక్కడ కలిపితే మిగతా మాటలకు ఎక్కువ చోటు దొరుకుతుందో గళ్ళ కాగితం మీద పెన్సిలుతో వేసి చూడండి.